చమురు పొంగగా చేలేల యెండెను?

ఒక దేశము సంపన్నము కావలెనన్న దానికి ఏమేమి ఉండవలెనని ఎవరినడిగినను, సారవంతమైన నేల, నిండుగా పారెడు నదులు, భూగర్భమున బొగ్గు, ఇనుము, బంగారము, చమురు అని వ్రేళ్లు మడిచి చెప్పుదురు. ఈ లెక్క సహజముగనే తోచును గాని, గడచిన డెబ్బది యెనుబది సంవత్సరముల ప్రపంచచరిత్ర దీనిని పలుతావుల తలక్రిందులు చేసినది. చెప్పుకొనదగిన ఖనిజసంపద లేని దక్షిణ కొరియా, తైవాను, సింగపూరు ఒకటి రెండు తరములలోనే ధనికదేశముల సరసకు చేరుకొనగా, చమురు నిక్షేపములపై కూర్చున్న నైజీరియా, వెనెజువేలా, రాగి గనులకు పేరువడిన జాంబియా, వజ్రములు దొరకెడు సియెర్రా లియోను ఋణములతోనో, దారిద్ర్యముతోనో, అంతఃకలహములతోనో సతమతమైనవి. రిచర్డ్ ఆటీ అను భూగోళశాస్త్రజ్ఞుడు 1993లో ఈ వైపరీత్యమును వనరుల శాపమని పేర్కొనెను. రెండేండ్ల పిదప జెఫ్రీ శాక్స్, ఆండ్రూ వార్నర్ అను అర్థశాస్త్రవేత్తలు పలుదేశముల లెక్కలను సరిపోల్చి, 1970 తరువాతి రెండు దశాబ్దములలో ప్రకృతివనరుల ఎగుమతిపై మిక్కిలిగా ఆధారపడిన దేశములు తక్కినవానికంటె సగటున మెల్లగా ఎదిగినవని చూపిరి.

ఈ ఫలితమును అంగీకరింపని పండితులును కలరు. వనరులుండుటవలన దేశము బీదదగుచున్నదా, లేక వేరే పరిశ్రమ యేదియు ఎదుగని బీదదేశమే గత్యంతరము లేక వనరులపై ఆధారపడుచున్నదా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే; సగటుల లెక్కలతో దానిని తేల్చుట కష్టము. ధనము ఒక దేశములోనికి ఏ త్రోవను వచ్చినది, ఎవరిచేతిలో పడినది, పడిన పిమ్మట అచటి రైతును, పనివానిని, ప్రభుత్వమును ఏమి చేసినది యని అడుగడుగున వెంబడించి చూచినచో విషయము కొంత తేటపడును.

మొదట ఒక సంపన్నదేశమునే చూతము. 1959లో నెదర్లాండ్సు ఉత్తరభాగమున, గ్రోనింగెన్ మండలమునందు, సహజవాయువు బయటపడెను. పరిశోధింపగా అది ఐరోపాఖండముననే మిక్కిలి పెద్ద నిక్షేపమని తేలెను. ఇరుగుపొరుగు దేశములకు గొట్టములద్వారా వాయువునమ్మి డచ్చివారు ఏటేట అపారమైన విదేశద్రవ్యమార్జించిరి. అయినను 1970లో నూటికి ఒకరుగానున్న నిరుద్యోగులు 1977 నాటికి నూటికి ఐదుగురైరి. వాయువు పొంగుచుండగనే కర్మాగారములు నీరసించెను. లండనునుండి వెలువడు 'ది ఎకానమిస్ట్' పత్రిక 1977 నవంబరులో ఈ స్థితికి డచ్చి జాడ్యమని పేరిడెను. మాక్స్ కోర్డెన్, పీటర్ నియరీ అను అర్థశాస్త్రవేత్తలు 1982లో దాని నిదానమును శాస్త్రరీతిని వివరించిరి.

ఆ జాడ్యము ఒంటబట్టు విధమిది. వాయువునమ్మగా వచ్చిన పరదేశపు నాణెమును స్వదేశపు గిల్డరులలోనికి మార్చుకొనువారు హెచ్చినకొలది గిల్డరు వెల హెచ్చును. నూరు డాలర్ల బట్టను విదేశమునకమ్మిన మిల్లు యజమానికి మునుపు మూడువందల గిల్డరులు చేతికి వచ్చుచుండెననుకొందము. ఇపుడు రెండువందల యేబదియే వచ్చును. బట్ట అదియే, కొన్నవాడు చెల్లించిన వెలయు అదియే. కాని కూలీలకును, అద్దెకును ఇయ్యవలసిన గిల్డరులు తగ్గవు. అదే సమయమున పరదేశపు బట్ట స్వదేశపు అంగడిలో చౌకయగును గనుక, మిల్లు రెండువైపులనుండియు నలుగును. ఇది మొదటి దెబ్బ. కొత్తగా వచ్చిన ధనమును ప్రభుత్వమును, ప్రజలును దేశములోపలనే వెచ్చించునపుడు రెండవది తగులును. బట్టను, గోధుమను ఓడలలో తెప్పించుకొనవచ్చును గాని, ఇంటిని, తాపీపనిని, క్షౌరమును అట్లు తెప్పించుకొనలేము. గిరాకి పెరుగగా వీని వెలలును, వీనియందు పనిచేయువారి కూలియు పెరుగును. ఆ కూలినిచూచి చేనినుండియు, మిల్లునుండియు మనుష్యులు అటు మరలుదురు. రైతు తన మనుష్యులను నిలుపుకొనవలెనన్న కూలి ఎక్కువ ఇయ్యవలెను. అతని పంటకు మాత్రము ప్రపంచపు సంతలో పాత వెలయే పలుకును. నెదర్లాండ్సునకు తరతరముల వాణిజ్యానుభవము, ప్రజలందరికి చదువు, కుదురైన పరిపాలన ఉండుటచే అది తెప్పరిల్లినది. ఈ దెబ్బయే వ్యవసాయముపై బ్రతుకు దేశమునకు తగిలినచో ఏమగునో తెలిసికొనవలెనన్న నైజీరియాకు పోవలెను.

నైజీరియా 1960 అక్టోబరు 1వ తేదీన స్వతంత్రమైననాడు దాని భాగ్యమంతయు చేలలోను, తోటలలోను ఉండెను. ఉత్తరమున కనో నగరపు పరిసరములందు వేరుసెనగ, పడమట కోకో, తూర్పున పామాయిలు పండుచుండెను. ఈ మూడింటియందును అది ప్రపంచపు ముఖ్య ఎగుమతిదేశములలో నొకటి. కనోలో వేరుసెనగ బస్తాలను రేవుకు చేరవేయు రైలుబండ్లు వచ్చువరకు పిరమిడ్ల ఆకారమున ఎత్తుగా పేర్చి నిలువ చేయుచుండిరి. ఆ దేశపు సంపదకు గుర్తుగా పుస్తకములలో ఆ పిరమిడ్ల బొమ్మనే వేయుచుండిరి. రైతుల భాగ్యము నిష్కళంకమైనదని మాత్రము చెప్పరాదు. పంటకొను ప్రభుత్వమండలులు వారికి ప్రపంచపు వెలకంటె తక్కువ ఇచ్చి, తేడాను తామే ఉంచుకొనుచుండెను. అయినను, ప్రభుత్వము బ్రతుకవలెనన్న రైతు బ్రతుకవలెనను సంబంధము ఒకటి నిలిచియుండెను.

నైజరు నది సముద్రమున కలియు డెల్టాసీమలో ఒలోయిబిరి యను పల్లెవద్ద 1956లో చమురు పడెను. 1958లో ఎగుమతి మొదలాయెను. 1967 మొదలు 1970 వరకు బయాఫ్రా అంతర్యుద్ధము దేశమును దహించెను. చమురు ఉన్న సీమ ఎవరిదను వివాదమే యుద్ధమునకు ఏకైకకారణము కాకపోయినను, దాని తీవ్రతకు తోడ్పడినది. యుద్ధము ముగిసిన మూడేండ్లకు, 1973 అక్టోబరులో, అరబ్బు దేశములు పాశ్చాత్యులకు చమురు నిలిపివేయగా, పీపాకు మూడు డాలర్లుండిన వెల కొద్ది నెలలలో పండ్రెండు డాలర్ల దాపునకు ఎగసెను. ఒక్క చేనును అదనముగా దున్నకుండ, ఒక్క కర్మాగారమును క్రొత్తగా తెరువకుండ, నైజీరియా ప్రభుత్వము ఏడాదిలోపల ఎన్నడును ఎరుగని ధనమునకు అధిపతియైనది.

ఆ ధనము వెచ్చింపబడిన తీరు అర్థశాస్త్ర గ్రంథములలో నిలిచిపోయినది. ఉడోజీ సంఘము 1974లో చేసిన సిఫారసులననుసరించి ప్రభుత్వోద్యోగుల జీతములను ఒక్కసారిగా విశేషముగా పెంచి, వెనుకటి నెలల బకాయిలతోకూడ చెల్లించిరి. ధరలు 1975లో సుమారు మూడవవంతు పెరిగెను. సైన్యమునకు బారకులును, దేశమునకు భవనములును కట్టుటకై పలుశాఖలవారు కలిసి రమారమి రెండు కోట్ల టన్నుల సిమెంటునకు ఉత్తరువులిచ్చిరి. లాగోసు రేవు ఏడాదికి దించుకొనగల సిమెంటు అందు ఇరువదవవంతు. 1975లో వందలకొలది ఓడలు లాగోసు ఎదుట సముద్రమున లంగరువేసి నెలలతరబడి వేచియుండగా, వేచిన ప్రతిదినమునకును ప్రభుత్వము ఓడల యజమానులకు పరిహారము చెల్లించెను. ఓడలలోనున్న సిమెంటు కొంత తేమకు గట్టిపడి చెడిపోయెను. ఆ సంవత్సరము జూలైలో జనరల్ గోవన్ సైనికప్రభుత్వము కూలెను గాని, పెద్ద పద్దులపై మోజు కూలలేదు. అజవోకుటయందు 1979లో సోవియట్ సాయముతో ఆరంభించిన మహా ఉక్కు కర్మాగారము వందలకోట్ల డాలర్లను మ్రింగియు, వాణిజ్యప్రమాణమున ఉక్కును పోతపోయజాలకపోయినది.

ఈ కాలముననే చేలు ఎండుట ఆరంభమైనది. 1973లో ప్రవేశపెట్టిన నైరా నాణెమునకు ఆ దశాబ్దమంతయు ఒక డాలరుకంటె ఎక్కువ వచ్చుచుండెను. ఇంత ప్రియమైన నాణెముతో పరదేశపు బియ్యము, గోధుమ నగరవాసులకు చౌకగా దొరకుచుండగా, స్వదేశపు రైతు పండించినదానికి గిరాకి తగ్గెను. ఎగుమతి పంట పండించువానికి చేతికివచ్చు నైరాలు తరిగెను. బియ్యపు దిగుమతి 1970లో నామమాత్రముగా నుండగా దశాబ్దము చివరకు ఏటికి లక్షల టన్నులాయెను. పామాయిలునకు పుట్టినిల్లయిన దేశము పామాయిలును దిగుమతి చేసికొనసాగెను. కనోలోని వేరుసెనగ పిరమిడ్లు కానరాకపోయెను. 1972, 73 సంవత్సరముల అనావృష్టియు, 1975లో వేరుసెనగను పట్టిన తెగులును ఇందులకు కొంత కారణములని ఒప్పుకొనవలెను. కాని అనావృష్టి గడచును, తెగులు తగ్గును. ఆ పిమ్మట రైతు మరల విత్తలేదు, ఏలయన విత్తుటలో లాభము లేదు. పల్లెపడుచువారు నగరములలో కట్టడపు పనులకు తరలిపోగా చేలలో వృద్ధులు మిగిలిరి. దశాబ్దము ముగియునప్పటికి దేశపు ఎగుమతులలో నూటికి తొంబదికి పైబడినభాగము చమురే.

ఒకే సరుకుపై నిలిచిన దేశము ఆ సరుకు వెలతో లేచును, ఆ వెలతోనే పడును. చమురు వెల హెచ్చుగానున్నపుడు అప్పిచ్చువారు ఇంటికి వచ్చి అప్పిత్తురు; వెల పడినపుడు వారే తలుపు తట్టుదురు. 1980 ప్రాంతమున పీపాకు ముప్పదియైదు డాలర్లకు పైబడిన వెల 1986లో పది డాలర్ల దాపునకు దిగెను. అంతకుముందే, 1983 జనవరిలో, పనులు కరవైన నైజీరియా పదిలక్షలకు పైబడిన పరదేశపు కూలీలను, ముఖ్యముగా ఘనావారిని, కొద్దిదినముల గడువుతో వెడలగొట్టెను. 1986లో నైరా వెలను తగ్గింపక తప్పినదికాదు. ఈ చరిత్రనంతటిని లెక్కగట్టినవారిలో మన దేశపు ముఖ్య ఆర్థిక సలహాదారుగా పిమ్మట పనిచేసిన అరవింద్ సుబ్రమణియన్ ఒకరు. జేవియర్ సాలా-ఇ-మార్టిన్‌తో కలిసి 2003లో ఆయన ప్రకటించిన పరిశోధన ప్రకారము, 1970లో నైజీరియా జనులలో నూటికి ముప్పదియారుగురు కటికబీదలు కాగా, 2000 నాటికి ఆ సంఖ్య డెబ్బదికి చేరువయైనది. ముప్పదియేండ్ల చమురుధనము తరువాత తలసరి ఆదాయము ఆరంభమున నున్నచోటనే యుండెను.

నైజీరియన్లలో ఏదో స్వభావదోషమున్నదని ఇంతమాత్రమున తీర్మానించువారు ఇండొనీషియా చరిత్రను కూడ చదువవలెను. అదియు జనసమ్మర్దమైన దేశమే, వ్యవసాయప్రధానమే, పలుజాతుల సమ్మేళనమే, చమురు ఎగుమతి చేయునదే, సైనికపాలనలో నున్నదే. అవినీతిలో అచటి పాలకుడైన సుహార్తో ప్రభుత్వము ఎవరికిని తీసిపోలేదు. పెర్తామినా యను ప్రభుత్వ చమురుసంస్థ 1975లో వేయికోట్ల డాలర్లకు పైబడిన అప్పులలో మునిగి దేశమును దివాలా అంచునకు తెచ్చినది. అయినను ఫలితము వేరైనది. సహజవాయువునుండి ఎరువును తయారుచేసి వరిరైతులకు తక్కువవెలకు అందించిరి, కాలువలు బాగుచేసిరి, పల్లెలలో 1973 మొదలు ఐదారేండ్లలో అరువదివేలకు పైబడిన ప్రాథమిక పాఠశాలలను కట్టిరి. నోబెల్ బహుమానము పొందిన ఎస్తేర్ డుఫ్లో ఈ పాఠశాలలను పరిశోధించి, వానిలో చదివిన పిల్లలు పెద్దవారై ఎక్కువ సంపాదించిరని చూపినది.

అన్నిటికంటె గమనింపదగినది 1978 నవంబరునాటి నిర్ణయము. చమురువెల ఉన్నతముగానే యుండి, దేశమున విదేశద్రవ్యమునకు కొరత లేనపుడు, ఇండొనీషియా తన రుపియా వెలను డాలరుకు 415నుండి 625కు తానై తగ్గించుకొన్నది. చమురువలన నాణెము ప్రియమై, రబ్బరు, కాఫీ పండించువారును, బట్టలు నేయువారును నష్టపోవుచున్నారని గ్రహించి, వారిని నిలుపుటకు చేసిన పని యిది. ఒకప్పుడు ప్రపంచముననే మిక్కిలిగా బియ్యము దిగుమతి చేసికొనిన ఆ దేశము 1984లో బియ్యమున స్వయంసమృద్ధి సాధించినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 1976లో నూటికి నలుబదిమందిగా నున్న బీదలు 1996లో పదకొండుగురైరి. రెండు దేశములలోను దొంగలున్నారు. ఒకదానిలో చమురుధనము కొంతయైన పొలమునకు మరలినది, వేరొకదానిలో మరలలేదు.

నాణెముకంటె లోతైన హాని యొకటి ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ జరుగును. పన్ను వసూలు చేసి బ్రతుకు ప్రభుత్వము, పన్ను కట్టువాని పంట, వ్యాపారము, చదువు వృద్ధియగుటను కోరక తప్పదు. పన్ను కట్టినవాడును తన సొమ్మేమైనదని అడుగును. నైజీరియా కేంద్రప్రభుత్వపు రాబడిలో అయిదింట నాలుగువంతులు చమురునుండియే రాసాగినపిమ్మట ఆ అవసరము తీరినది. గనియద్దెపై బ్రతుకు ఇట్టి ప్రభుత్వముల స్వభావమును హొస్సేన్ మహదవీ అను అర్థశాస్త్రవేత్త 1970లోనే ఇరాను విషయమున వివరించెను. సంపాదన ఆగి పంపకమే రాజకీయమైనపుడు, పంపకములో వాటాకై పోరు పెరుగును. నైజీరియాలో 1967లో పండ్రెండుగానున్న రాష్ట్రములు 1976లో పందొమ్మిది, 1991లో ముప్పది, 1996లో ముప్పదియారైనవి. క్రొత్త రాష్ట్రమన్న క్రొత్త రాజధాని, క్రొత్త ఉద్యోగములు, కేంద్రము చేతినుండి నెలనెల వచ్చు వాటా. చమురు పుట్టిన డెల్టాసీమవారికి మాత్రము నూనెతో కలుషితమైన వాగులును, రేయింబవళ్లు మండెడు వాయుజ్వాలలును మిగిలెను. అచటి ఒగోనీ జాతి పక్షమున నిలిచి దీనిని ప్రశ్నించిన రచయిత కెన్ సారో-వీవాను సైనికప్రభుత్వము 1995 నవంబరు 10వ తేదీన ఉరితీసినది.

ఈ కథలో తెలుగువారికి దగ్గరి బంధుత్వము గల ఘట్టమొకటి కలదు. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి లక్షలాదిగా గల్ఫు దేశములకు పోయిన మన పనివారు చూచివచ్చినది ఈ జాడ్యపు మరియొక రూపమునే. అచటి పౌరులలో పెక్కుమందికి ప్రభుత్వోద్యోగమే గౌరవము, అదియే ఆశ. ఎండలో ఇటుక మోయుట, లారీ నడుపుట, ఇంట వంట చేయుట పరదేశీయుని వంతు. చమురువెల తగ్గి అచట కట్టడములు ఆగినపుడు జగిత్యాల పల్లెలకు వచ్చు సొమ్ము ఆగును. అయినను గల్ఫువారందరు అవివేకులు కారు. కువైటు స్వతంత్రము కాకమునుపే, 1953లో, చమురు మిగులును మదుపుచేయుటకు లండనులో ఒక మండలిని నెలకొల్పినది; 1976లో రాబోవు తరములకొరకు ప్రత్యేకనిధిని ఏర్పరచి, ఏటి రాబడిలో పదవవంతు అందు వేయవలెనని శాసించినది.

ఈ మార్గమున మిక్కిలి దూరము నడచినది నార్వే. 1969 చివర ఎకోఫిస్క్ వద్ద ఉత్తరసముద్రమున చమురు పడినది. 1990లో అట్టి నిధికి శాసనమై, 1996లో మొదటి సొమ్ము అందు పడినది. ఆ నిధిని పూర్తిగా విదేశములలోనే మదుపుచేయుదురు. చమురు డాలర్లు ఒక్కసారిగా స్వదేశములోనికి వచ్చి నార్వే నాణెమైన క్రోనె వెలను, కూలి రేట్లను ఎగద్రోయకుండుటకు ఇది కట్టుబాటు. నిధినుండి ఏటేట వాడుకొనదగినది దాని సగటు లాభమునకు మించరాదని 2001లో నియమించి, ఆ పరిమితిని మొదట నూటికి నాలుగుగాను, 2017నుండి మూడుగాను నిర్ణయించిరి. నార్వే చమురు దొరకకముందే సుశిక్షితమైన దేశము గదా యని ఆక్షేపించువారికి బోట్స్‌వానా సమాధానము చెప్పును. 1966లో స్వతంత్రమైననాడు అది ప్రపంచములోని కడు బీదదేశములలో నొకటి. మరుసటి యేట ఒరాపావద్ద వజ్రములు బయటపడెను. అధ్యక్షుడు సెరెత్సే ఖామా ఏ తెగకు వారసుడో ఆ తెగ సీమలోనే గని యున్నను, ఖనిజములపై హక్కు తెగలది కాక యావద్దేశముదని శాసనము చేయించి, వజ్రపు గనులు నడుపు డి బీర్స్ సంస్థతో గట్టిగా బేరమాడి, రాబడిని బాటలకు, బడులకు, నిధికి మళ్లించెను. ఆ దేశము కొన్ని దశాబ్దములు ఆఫ్రికాలో అందరికంటె వేగముగా ఎదిగినది. కృత్రిమ వజ్రముల పోటీవలన నేడు దానికిని కష్టము వచ్చినదనుట సత్యమే. వేరే పరిశ్రమలను కావలసినంతగా పెంచుకొనకపోవుట దాని లోపము.

ఈ చరిత్రలన్నిటినుండి తేలునది ఒక్క లెక్క. చేనిపంట ఆదాయము, మరుసటి యేడు మరల పండును. గనినుండి తీసిన టన్ను బొగ్గు, బావినుండి తోడిన పీపా చమురు మరల రావు; వానివలన వచ్చిన సొమ్ము ఆస్తిని అమ్మగా వచ్చిన వెల. తాతలు ఇచ్చిన మాగాణి ఎకరములనమ్మి పండుగలు చేసికొను గృహస్థు కొన్నియేండ్లు ఊరిలో అందరికంటె భాగ్యవంతుడుగానే కనబడును. ప్రభుత్వములు ఆ వెలను ఏటి రాబడి పద్దులో వ్రాసికొని ఖర్చుపెట్టుటలో సమస్తానర్థములకు మూలమున్నది. నాణెము ప్రియమగుటయు, చేలెండుటయు, పంపకపు రాజకీయమును అచటినుండి పుట్టినవే.

మన దేశము చమురుదేశము కాదు గనుక ఈ పాఠము మనది కాదనుకొనరాదు. సింగరేణి బొగ్గు, మంగంపేట ముగ్గురాయి, కృష్ణా గోదావరీ తీరపు సహజవాయువు ఒక్కసారి తీసిన తరిగిపోవునవే. వానిపై వచ్చు రాయల్టీలను సామాన్యముగా ఏటి రాబడిగనే లెక్కించుచున్నాము. గోవా ఇనుపగనుల విషయమున సుప్రీంకోర్టు 2014లో ఖనిజపు అమ్మకపు వెలలో పదవవంతును రాబోవు తరముల హితముకై శాశ్వతనిధిగా నిలువచేయుమని ఆదేశించినది. ఈ నియమము ఒక్క రాష్ట్రమునకు, ఒక్క ఖనిజమునకు పరిమితమై యుండుటకు తగిన కారణమేదియు కానరాదు. శాసనసభలలో ఏటేట ఆయవ్యయములను ప్రవేశపెట్టునపుడు గనులద్వారా ఎంత వచ్చినదని మంత్రులు ఘనముగా చదువుదురు; ఆ సొమ్ముతో గని తరిగిన తరువాతను నిలిచియుండునది ఏమి సంపాదించితిరని పౌరులు అడుగవలెను. ఆ ప్రశ్నకు ఏటేట లెక్క చెప్పవలసిన బాధ్యతను శాసనముగా చేయుట మన శాసనసభల కర్తవ్యము.